నలభై ఏళ్లకే కొలువు మానదలచిన గుమాస్తా

నలభై నిండగానే ఉద్యోగం మానేసి, కూడబెట్టిన దానితో హాయిగా బతుకుతానని మా మనవడు మొన్న ప్రకటించాడు. ఈ ఆలోచన తన తరానికే తట్టిందని అతని నమ్మకం. ఏ విషయమైనా సక్రమంగా నమోదు కావాలన్నది నా నియమం కనుక ఇది రాయక తప్పడం లేదు.

ఆ రోజుల్లో నేను మంచిర్యాల దగ్గర ఒక బొగ్గుగని కార్యాలయంలో గుమాస్తాను. వయస్సు ఇరవై నాలుగు. మధ్యాహ్నాలు హాజరు పట్టీ మీద కలం దానంతటదే ఆగిపోయేది. ఇచ్చోడ వైపు టేకు చెట్ల నడుమ ఒక పెంకుటిల్లు, వసారాలో పడక కుర్చీ, ఎడతెగని వాన, ఆ వానను చూడడం తప్ప మరే బాధ్యతా లేని నేను, ఇవన్నీ కళ్లకు కట్టేవి. (ఆ కుర్చీలో ఊరక కూర్చోవడానికి సైతం వేళలు నిర్ణయించి పట్టిక గీసుకున్నాను.) సుల్తానాబాద్‌లో పెళ్లిచూపులకు వెళ్లి ఆ అమ్మాయిని ఒక్కసారి చూసి వచ్చాక వసారాలో రెండో కుర్చీ కూడా చేరింది. అటువంటి పరవశంలోనే ఒకనాడు అన్నం తింటూ, నలభైకి రాజీనామా చేస్తానని ఇంట్లో చెప్పాను.

మా గని కాలనీలో నడివయసున కొలువు వదలడానికి ఒకే కారణం ఉండేది: ఒంట్లో జబ్బుందని వైద్యులు తేల్చడం. అవ్వ, అనగా మా అమ్మ, చేతిలోని గరిటె జారింది. "ఏం బీమారచ్చింది బిడ్డా? మాకు చెప్పకుంట దాస్తున్నవా?" మా నాన్న, అనగా బాపు, కంచం పక్కకు జరిపాడు. "ముప్పై ఏండ్ల సంది గనిల దిగుతున్న, నాకు రాని దమ్ము బీమారి కుర్సీల కూసునేటోనికెట్లచ్చిందిరా?"

వారం తిరగకుండానే నాకు జబ్బన్న వార్త సుల్తానాబాద్ చేరింది. లగ్గం రాయించడం ఒక్కటే మిగిలిన సంబంధం ఆగిపోయింది. ఒకసారి వచ్చి పొమ్మని మాకు కబురు వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి వరి రైతు. ఆయన మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి, "ఫికర్ చెయ్యకు బావా, పిల్లగాన్ని జర చూసుకుందామని పిలిచిన" అని బాపుతో అన్నాడు. నేను పొదుపు, పెట్టుబడి, ఆర్థిక స్వావలంబన అంటూ గ్రాంథికంగా ఆరంభించాను. "గదంత తర్వాత. ముందు గీ వడ్ల బస్తా జర లేపుండ్రి" అన్నాడాయన.

లేపాను. నాలుగు అడుగులు గౌరవంగానే వేశాను. అయిదో అడుగున నేను కింద, బస్తా నా మీద. బాపు ఆకాశం వైపు చూడసాగాడు. అప్పుడు గుమ్మంలోంచి ఆ అమ్మాయి తన తండ్రితో, "బీమారి లేదు, పాడు లేదు బాపూ! గాయనకు ఒళ్లు వంగదంతే!" అని నవ్వింది.

"గట్లయితే అరవై దాక కొలువు చేస్తనని మాటియ్యుండ్రి. గిప్పుడే లగ్గం రాయిస్త" అన్నాడు ఆమె తండ్రి.

పదహారేళ్ల పథకం, పట్టిక సహితంగా, నా కళ్ల ముందు ఒక్కసారి కదిలింది. "చేస్త మామా" అన్నాను, వడ్ల నుసిలో కూర్చునే. ఆమె నవ్వు ఇంకా పూర్తి కాలేదు.

అన్న మాట ప్రకారం అరవై దాకా, ఒక్కరోజైనా ఆలస్యం కాకుండా పని చేశాను. వాన మధ్యాహ్నాల్లో ఇరవై నాలుగేళ్ల నాటి ఆ గుమాస్తా తలపుకు వచ్చినప్పుడు, అంత తేలికగా లొంగిపోయినందుకు మందలించాలనుకుంటాను. చివరకు నవ్వి ఊరుకుంటాను. చాలా ఏళ్ల నాటి సంగతి కనుక బస్తాతో వేసిన అడుగుల లెక్కలో గాని, మరెక్కడైనా గాని పొరపాటు ఉంటే తెలిసినవారు సరిదిద్దవలసిందిగా ప్రార్థన. ఆమె నవ్విందన్న మాటలో మాత్రం పొరపాటు లేదు.