అది పూనకం కాదు

మా మేనత్తని నేను క్షమించలేదు. క్షమించను కూడా. నగరిలో మా మరమగ్గాల వీధి అంతా ఆమెని మహా భక్తురాలంటుంది, అననీ.

నాకు బైపోలార్. కొన్ని వారాలు నిద్ర అక్కర్లేకుండా మగ్గం దగ్గరే ఉంటాను, వాగుతూనే ఉంటాను. ఆపైన తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదు. తిరుపతి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: మెదడులో కణాల మధ్య నడిచే కబుర్లు అదుపు తప్పుతాయట, నిద్రనీ హుషారునీ నడిపే లోపలి గడియారం గతి తప్పుతుందట. అంటే అది నా పొగరూ కాదు, సోమరితనమూ కాదు. లిథియం మాత్రలు రాసిచ్చింది. "ఇదీ ఒక రకం ఉప్పేనమ్మా. తిండిలో మాత్రం ఉప్పు మానొద్దు. మానితే మందు బయటికి పోక ఒంట్లోనే పేరుకుని విషమవుతుంది" అంది.

అత్త పక్కనే కూర్చుని విన్నది. విని కూడా, ఇంటికి రాగానే గంగమ్మకి నా పేరున ఉప్పులేని చప్పిడి కూడు మొక్కుకుంది. నాయనకి తన అక్క మాటంటే వేదం. ఆమె వండి పెట్టింది, నేను తిన్నాను, మాత్రలూ మింగాను.

కొన్నాళ్లకే చేతులు వణికాయి. తర్వాత ఒళ్లంతా. నాలుక మడతపడింది. "అమ్మోరు వొచ్చిండాది!" అని అత్త కేక. వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చి పడింది. నీళ్లు, నీళ్లు అని నేను ఏడిస్తే పసుపునీళ్లు నెత్తిన కుమ్మరించారు. ఒకామె నా కాళ్లు పట్టుకుని కూతురి పెళ్లెప్పుడని అడిగింది. నేను వాంతి చేసుకుని పడిపోయాక గానీ ఆ మహాతల్లులకి ఆసుపత్రి గుర్తుకు రాలేదు.

బతికాను. కక్షతోనే బతికాను. లేచి నడవగలిగిన రోజున అత్త చెయ్యి పట్టుకుని, నాకు మొక్కిన ప్రతి ఇంటికీ ఈడ్చుకెళ్లాను.

"చెప్పత్తా. నీ నోటితోనే చెప్పు."

ప్రతి గడప దగ్గరా తలొంచుకుని చెప్పింది: "అది అమ్మోరు గాదు మే. నేను ఉప్పు మాన్పించినా. మందు ఇసమై పిల్ల వణికినాది."

అబ్బ, ఎంత హాయిగా ఉందో! పాపం అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

చివరి ఇల్లు కూతురి పెళ్లెప్పుడని అడిగినామెది. అంతా విన్నది. అత్తని దాటుకుని వచ్చి నా కాళ్ల మీద పడింది.

"తెలిసిందిలే తల్లీ. అమ్మోరే నీతో ఇట్ల చెప్పిస్తా ఉండాది. మమ్మల్ని పరీచ్చ జేస్తా ఉండాది."

అత్త తలెత్తింది. ఆ మొహంలో వెలుగు చూడాలి! మెల్లగా తానూ వంగి, నా రెండో కాలు పట్టుకుంది.