అమ్మ గొంతుకు కొన్న టేపు

1968 ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం. నాంపల్లిలో మా కిరాయి ఇంట్లో ఉన్నవారు: అమ్మ, నాన్న, పక్కింటి మామ, నేను.

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, అమ్మ గొంతులో పుండు లేచింది. గొంతు తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట మాత్రం ఇక ఉండదని డాక్టర్లు చెప్పారు. సోమవారం పొద్దున దవాఖానలో చేర్చాలి. ఆలోపు అమ్మ మాటను టేపు మీదికి ఎక్కించి దాచుకోవాలని నాన్న ఆశ.

పక్కింటి మామ ఒకప్పుడు రికార్డింగు పని చేసినవాడు. పెద్ద చక్రాల టేప్ రికార్డర్ ఆయనకు సొంతంగా ఉండేది. శనివారం టేపు కొనడానికి నన్ను వెంటబెట్టుకొని అబిడ్స్ వెళ్లాడు. దుకాణదారు పలుచటి టేపు చూపించి, ఇందులో రెండింతలు పడుతుందన్నాడు. అమ్మ మాట రెండింతలు అనగానే నేను ఆ డబ్బాను పట్టుకొని వదల్లేదు. మామ దాని కొసను రెండు చేతుల వేళ్లతో పట్టి లాగాడు. అది పాకంలా సాగి, మెలిపడి, అలాగే ఉండిపోయింది.

"అరే సాబ్, గది టేపు, రబ్బరు గాదు!" అని దుకాణదారు మొత్తుకున్నాడు.

"గందుకే వద్దంటున్న."

సాగినచోట మాట కూడా సాగుతుందనీ, దాన్ని ఎవరూ బాగుచేయలేరనీ మామ నాకు చెప్పాడు. ఆయన కోరిన పాతరకం మందపాటి టేపు సాగదు, తెగుతుంది. తెగినదాన్ని అతికించుకోవచ్చు. దాని కొసను వేలితో రుద్ది, మాటను పట్టి ఉంచే గోధుమరంగు పొడి వేలికి అంటలేదని నాకు చూపించాకే కొన్నాడు.

ఆదివారం, టేపు ఎక్కడైనా మాటను మింగుతుందేమో చూడడానికి, ముందుగా ఏదో ఒకటి మాట్లాడమని అమ్మకు చెప్పాడు.

"ఏం మాట్లాడాలన్నా? గీ డబ్బా ముందట నన్ను కూసోవెట్టి తమాషా చూస్తున్రా? పిల్లా, చారు పొంగుతున్నదే, జర చూసి రా! మీ నాయిన చూడు, పెండ్లిచూపులకు వచ్చినట్ల కూసున్నడు!"

బొంగురుపోయిన గొంతుతోనే నాన్నను ఇంకో మాట కూడా అంది. నాన్న కళ్లనీళ్లు తిరిగేలా నవ్వాడు. మామ ఆ ముక్క తిప్పి వినిపించాడు. ఎక్కడా ఒక్క అక్షరం పోలేదు.

కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో కొట్టివేత పడితే చింపేసే పిల్లను నేను.

"మామా, గది తుడిచెయ్యి. మొదట్లనే గీ లొల్లి ఎందుకు?"

"ఉండనియ్యి బిడ్డా. గది గూడ మీ అమ్మనే గదా."

"వద్దు, మామా!"

"ఔనన్నా, తీసెయ్యి. నలుగురు వింటే ఇజ్జత్ పోతది," అని అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ ఒక్క క్షణం నా వైపు చూసి, టేపు చుట్టను మొదటికి తిప్పాడు. పాత మాటల మీదే కొత్తవి ఎక్కించాడు. నాన్న చక్కటి తెలుగులో రాసి ఉంచిన రెండు కాగితాలను అమ్మ రేడియోలో వార్తలు చదివినట్టు చదివింది. "ప్రియమైన కుమార్తెకు ఆశీస్సులు" అని మొదలుపెట్టింది. నన్ను అమ్మ ఎన్నడూ కుమార్తె అనలేదు. చదవడం అయ్యేసరికి గొంతు నొప్పితో గుటక కూడా పడలేదు. మిగతా టేపు ఖాళీగానే ఉండిపోయింది.

మరునాడు పొద్దున అమ్మానాన్నలు రిక్షా ఎక్కారు. అమ్మ చెయ్యి మాత్రం ఊపింది. రిక్షా మలుపు తిరిగాక నేను మామను టేపు పెట్టమన్నాను. మాట స్ఫటికంలా ఉంది. ఎవరో ఒకావిడ కాగితం చదువుతోంది.

"మామా, కింద పాతది ఉంటదా?"

"లేదు బిడ్డా. పోయింది."

నాన్న రాసిన కాగితాల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి, గుర్తున్నంత రాయడం మొదలుపెట్టాను. చారు సంగతి గుర్తుకొచ్చింది. పెండ్లిచూపుల సంగతి గుర్తుకొచ్చింది. నాన్నను అంతగా నవ్వించిన ఆ మాట రాలేదు. తర్వాత నాన్ననూ, మామనూ, మాట పోయి ఇంటికొచ్చిన అమ్మనూ అడిగాను, ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పొద్దుటి నుంచి ఎవరు ఏ మాట అంటే ఆ మాటే రాసుకుంటున్నాను, దిద్దకుండా. నా డైరీలన్నిటికీ మొదటి పేజీ ఆ కాగితమే. అందులో మూడో వరుస ఇంకా ఖాళీగా ఉంది.