ఖాన్ బహదూర్ గారి చింతపండు

నంద్యాలలో పాత సామాన్ల కొట్టు ముందు ఇవాళ ఎవరో ఇత్తడి బిందెను చింతపండుతో తోముతున్నారు. ఆ పులుపు వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మీ ఇళ్లలోనూ ఇలాగే తోమేవాళ్లు, గుర్తుందా?

ఆళ్లగడ్డలో మా ఇంటి తలుపు మీద ఇత్తడి పలక ఉండేది. ముత్తాతకు తెల్లదొరలిచ్చిన 'ఖాన్ బహదూర్' బిరుదు దాని మీద చెక్కి ఉండేది. అది వంశపారంపర్యమని మావాళ్ల నమ్మకం. నాయన పేరుకూ తగిలించారు.

ఒకరోజు పక్కింటి సుబ్బన్న వచ్చి, "బియ్యం మిల్లులో గుమస్తా పని ఉండాదప్పా, వస్తావా?" అని నాయనను అడిగాడు.

"ఖాన్ బహదూర్ మనవడు మిల్లులో పనికి పోయేదేందీ?" అన్నాడు నాయన.

ఆ శుక్రవారం ఇంట్లో మిగిలిన పిడికెడు చింతపండుతో దాదీ, అంటే మా నాయనమ్మ, పలక తోమింది. కిచిడీలోకి ఖట్టా, అదే పుల్లటి చారు, కాచడానికి చింతపండు లేక, మేం వట్టి కిచిడీ తిన్నాం.

ఆ బిరుదు ముత్తాత ఒక్కడిదేనని, ఆయనతోనే పోయిందని నాకు తెలిసేసరికి నాయన కూడా పోయాడు. బతికినన్నాళ్లూ ఆయన ఏ పనికీ పోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో చింతపండుకు కొదవ లేదు. ఖట్టా నోట్లో పెట్టుకుంటే మాత్రం ఇత్తడి రుచే తగులుతుంది.