బయ్యమ్మ చెప్పని మాట

పుంగనూరు పశువుల సంతలో ఆడ దళారి బయ్యమ్మ ఒక్కతే. వయసు యాభై ఎనిమిది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె ఇక్కడ ఎద్దును అదిలిస్తే మదనపల్లె టమాటా మార్కెట్లో హమాలీలు ఉలిక్కిపడి బుట్టలు దించేస్తారని చెప్పుకునేవాళ్ళు. అందులో సగం కోసేసినా మిగిలేది తక్కువేం కాదు.

ఆ పని ఆమెకు తండ్రి గంగులయ్య నుంచి వచ్చింది. సంతలో బేరం నోటితో ఆడరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ఆడతారు. ఒక వేలు పడితే ఒకటి, అయిదు వేళ్ళూ కలిపి పడితే అయిదు. పైకి మాత్రం వానల గురించో అల్లుడి గురించో మాట్లాడుతుంటారు. తండ్రి పోయాక బయ్యమ్మ తువ్వాలు భుజాన వేసుకుని వస్తే, ఆడదాని చెయ్యి ఎట్లా పట్టుకునేదని అంజనప్ప అనే రైతు నసిగాడు.

"నీ చెయ్యి నాకేంటికప్పా? నీ ఎద్దు గావాల. సిగ్గయితే నీ పెండ్లాన్ని పిల్చకరా, ఆయమ్మతోనే బేరం ఆడుకుంటా" అంది బయ్యమ్మ.

సంతంతా పగలబడి నవ్వింది. అంజనప్ప చెయ్యి చాపాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఇంకెవరూ నసగలేదు.

ఇక పెద్దాఫీసు సంగతి. అది రాజ్యానికొచ్చి ఆరేళ్ళయింది. అది ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు కానీ, ప్రతి కరెంటు స్తంభానికీ ఒక వినికిడి పెట్టె బిగించింది. గేదె ఆవులించినా ఏ ఉద్దేశంతో ఆవులించిందో ఆ పెట్టె రాసుకుంటుందట. ఈ మాట కూడా జనం గొంగడి ముసుగేసుకుని చెప్పుకునేవాళ్ళు. పెద్దాఫీసు ఎవరినీ బలవంతం చెయ్యదు. అదే దాని గొప్ప. ప్రతి ఉత్తర్వుకూ సంబంధించినవాళ్ళు ఒక్కొక్కరే పెట్టె ముందు నిలబడి నోరారా ఒప్పుకోవాలి. నూటికి నూరుమందీ ఒప్పుకున్నాకే అమలు. ఒప్పుకోకపోతే రేషన్ ఆగుతుంది, బస్సు ఎక్కనివ్వరు, ఆ పైన కుప్పంలో 'ఒప్పుదల భవనం' ఒకటుంది. అందువల్ల ఆరేళ్ళలో నూటికి ఒక్కరు తగ్గింది లేదు. టమాటాలన్నీ ఒకే సైజు కాస్తాయని మదనపల్లె ఒప్పుకుంది. పెద్దవాటిని కాలవలో పారబోసి మరీ ఒప్పుకుంది.

ఆ ఏడు ఉత్తర్వు పుంగనూరు ఆవుల మీద వచ్చింది. నాలుగడుగుల ఎత్తు లేనిది ఆవు కాదు. పుంగనూరు ఆవు మూడడుగులుంటేనే గొప్ప. ఆ ఆవులున్న ఇళ్ళు రెండువందల పన్నెండు. అందరూ పెట్టె ముందు నిలబడి "నా దగ్గర ఉండేది ఆవు కాదు" అని చెప్పాలి. అందరూ చెప్పాక ఆ ఆవు కానివాటిని లారీలకెక్కిస్తారు. యాడికని అడక్కూడదు.

రెండువందల పదకొండు మంది చెప్పేశారు. బయ్యమ్మ చెప్పలేదు.

ఆమె ఆవు పేరు బెల్లం. ఆ రంగే దానిది. బయ్యమ్మ నడుం దాకా వస్తుంది. దాన్ని లారీ ఎక్కించే ఆలోచనకే ఆమెకు అన్నం సహించలేదు. అయినా ఆమె పట్టుదలకు అదొక్కటే కారణం కాదు.

"పండ్లు రాలిపోయిన ఎద్దును పడుచుదని అమ్మినా. తన్నే గొడ్డును సాధువని సెప్పినా. అయ్యన్నీ బేరంలో ఉండేయే. ఆవును ఆవు గాదని మాత్రం యానాడూ సెప్పలా. ఇప్పుడు సెబితే రేపు సంతలో నా మాట ఎవురు నమ్ముతారు?" అంది, స్తంభం కింద నిలబడి, పెట్టెకు బాగా వినబడేట్టు.

మార్చి ఇరవయ్యో తారీకున ఒప్పుదల అధికారి మునిరాజ సంతకే వచ్చాడు. యాభై దాటిన మనిషి, వెంకటగిరికోట వాడు. అతని తండ్రీ పశువుల దళారీయే. నలుగురూ చూస్తుండగా మునిరాజ చెయ్యి చాపాడు. బయ్యమ్మ దాని మీద తువ్వాలు కప్పింది. సంతలో గొడ్లు కూడా నిశ్శబ్దమయ్యాయి.

"ఎండలు ముదిరినాయి సార్" అంది ఆమె.

"మజ్జిగ తాగాలమ్మా" అన్నాడు అతను. తువ్వాలు కింద ఆమె వేలొకటి పట్టుకున్నాడు. అంటే, నీ ఒక్క ఆవును వదిలేస్తా, చెప్పెయ్.

బయ్యమ్మ అతని అయిదు వేళ్ళూ కలిపి పట్టి, మళ్ళీ పట్టి, మళ్ళీ పట్టి, చివరికి మణికట్టే పట్టుకుంది. అంటే, అన్నీ వదలాల.

"నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది" అంటూ అతను అయిదుకు పెంచాడు. ఆమె మణికట్టు వదల్లేదు. పదికి పెంచాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టింది. మునిరాజ చెయ్యి చెమటతో తడిసిపోయింది. తర్వాత అయిదు వేళ్ళూ పట్టాడు, మళ్ళీ అయిదూ పట్టాడు, ఆ తర్వాత ఒక వేలు. పదకొండు.

ఇదేం బేరమని ఆమె మొహం చిట్లించింది. అతను తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే లెక్క పట్టాడు. పది దాటి ఒక్క ఆవు పెంచడానికి ఏ దళారి కొడుకూ అంత చెమట పట్టడు. ఇది ఆవుల లెక్క కాదు. ఇంకేం లెక్కయి ఉంటుంది? ఈ రోజు ఇరవై. మార్చి ముప్పై ఒకటికి ఏ ఆఫీసులోనైనా ఫైళ్ళు మూస్తారు; అప్పటికి తేలనిది ఏప్రిల్లో మొదటినుంచీ మొదలు పెట్టాల్సిందే. ఇంకా పదకొండు రోజులు ఓర్చుకోమంటున్నాడు.

ఆమె అతని చెయ్యి వదిలి తువ్వాలు దులుపుకుంది. "బేరం కుదర్లా సార్" అంది గట్టిగా.

"అయితే జీపెక్కమ్మా" అన్నాడు మునిరాజ, ఇంకా గట్టిగా.

ఎక్కే ముందు పక్కింటి తులసమ్మకు బెల్లాన్ని అప్పజెప్పింది.

కుప్పం భవనంలో ఆమెకు కిటికీ లేని గదిచ్చారు. గోడకు పెట్టె ఉంది. గుమాస్తా మాలతి రోజూ పొద్దున వచ్చి కాఫీ ఇచ్చి, "చెప్తారామ్మా?" అని అడిగేది. మూడో రోజు ఒక ఫోటో చూపించింది. బెల్లం పక్కన మేకపోతును నిలబెట్టి తీశారు.

"దీనికీ దానికీ ఏం తేడా కనబడతాందమ్మా?"

"మేక ఫోటోకు బాగా నిలబడింది. మా బెల్లానికి సిగ్గెక్కువ."

మాలతి నవ్వబోయి, పెట్టె వైపు చూసి దగ్గింది. అయిదో రోజునుంచి కాఫీ ఆపేశారు. ఏడో రోజునుంచి ఒంటిపూట తిండి. బయ్యమ్మ గోడకానుకుని, సంతలో తాను అమ్మిన గొడ్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ కూర్చునేది. పెట్టె పాపం అన్నీ రాసుకుంది.

తొమ్మిదో రోజు తులసమ్మను తీసుకొచ్చారు. ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నీ ఒక్క మాటకు వీధి వీధికంతా రేషన్ నిలిపేసినారు. పస్తులుండాం. సెప్పేయరాదా? మేమంతా సెప్పలేదా?"

బయ్యమ్మ లెక్క మొదటిసారి తప్పింది. తన కడుపు మాడితే ఓర్చుకోగలదు. వీధి పిల్లల కడుపులు ఆమె లెక్కలోకి రాలేదు. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట.

"పిల్లోళ్ళకు ఏం పెడతాండారు?" అంది చివరికి.

"బెల్లం పాలు, మా ఆవు పాలు పిండి తలా గుక్కెడు పోస్తాండా. ఎదురింటి మునిలక్ష్మి వాళ్ళ ఆవు పాలు గూడా. ఇంకేముండాది?"

"అదే, ఇను తులసీ. నేను సెప్పినానంటే ఎల్లుండి లారీ వస్తాది. ఆ గుక్కెడు గూడా పోతాది. రేషన్ ఇస్తారనుకో, ఇంకో దానికి మళ్ళీ నిలిపేస్తారు. అప్పుడేం పోస్తావు?"

తులసమ్మ పెట్టెను చూసింది, బయ్యమ్మను చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రెండు రోజులూ బయ్యమ్మకు గొడ్ల పేర్లు గుర్తుకు రాలేదు. అందరినీ చంపుకుంటున్నానా అనే ప్రశ్న ఒక్కటే. అయినా నోరు తెరవలేదు.

ముప్పై ఒకటో తారీకు సాయంత్రం అయిదుకు అయిదు నిమిషాలుండగా నలుగురు అధికారులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. మునిరాజ తలుపు దగ్గర ఉన్నాడు. మాలతి ఆమెను గోడకున్న పెట్టె ముందు నిలబెట్టింది.

"మీ దగ్గర ఉండేది ఏమిటమ్మా?"

"ఆవు" అంది బయ్యమ్మ.

అయిదు కొట్టింది. మాలతి ఫైలు మూసి తాడు కట్టింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ భవనంలో నూటికి నూరు కాని అంకె ఒకటి రాశారు.

ఏప్రిల్ రెండున మాలతి కొత్త ఫైలుతో వచ్చింది. నిబంధన ప్రకారం మొదటి నివేదిక చదివి వినిపించాలి.

"ఒకటో ఇల్లు, తులసమ్మ. ఏమందంటే, 'అది ఆవే, మా పిల్లోళ్ళు దాని పాలే తాగతాండారు.' రెండో ఇల్లు, మునిలక్ష్మి. ఆమె కూడా అదే మాట. మునిరాజ సారు మూడో ఇంటికి పోతాండారు." కాగితం దించింది. "మీరు మళ్ళీ ఒప్పుకోకపోతే వచ్చే మార్చి దాకా ఇక్కడే ఉండాలమ్మా."

బయ్యమ్మ లేచి గది ఈ మూలనుంచి ఆ మూలకు నడిచింది. గోడను అరచేత్తో తట్టి చూసింది.

"ఏడాది ఉండాలంటే ఈడ కిటికీ ఒకటి పెట్టించాలమ్మా" అంది. "రాసుకో."