తడం మీద రాలిన కాయలు

నాన్న పోయాక కినత్తుకడవు కొబ్బరితోపు నా పేరుకు వచ్చింది. దానితోపాటు ఒక చిరాకూ వచ్చింది. మా తోపు వెనక చేనుగల ఒక ముసలి పెద్దమ్మ రోజూ మా తోపులోంచే తన చేనికి పోతుంది. పత్రంలో ఆమెకు పదడుగుల వండితడం రాసి ఉంది. వండితడమంటే మా వైపు మాటలో బండి దారి. పన్ను కట్టేది నేను, నడిచేది ఆమె. పైగా ఆ దారిలో రాలిన కాయ ఒక్కటీ నా కంటబడేది కాదు. ఇంకెవరు తీస్తారని గేటు పెట్టించి తాళం వేసి, రెండు తాళంచెవులూ నా దగ్గరే పెట్టుకున్నాను.

వకీలుకు ఆ మాట చెబితే నవ్వాడు. "నేల నీది, గేటు పెట్టుకో. అయితే తాళం సావి ఒకటి ఆమెకీ ఇయ్యాల. ఆమెకుండేది నడిచే హక్కే, కాయ మీద లేదు."

ఆ చివరి మాటే గట్టిగా చెప్పి, తాళంచెవి ఆమె ముందు పడేసి రావాలని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. పెద్దమ్మ కంచె తీగల మధ్య వంగి లోపలికి దూరుతోంది. దారిలో పడ్డ కాయ తీసి చంకన పెట్టుకుంది. దొరికిందనుకుని వెంట నడిచాను. ఆమె నేరుగా మా మోటారు రూము వెనక్కి పోయి, అక్కడున్న కాయల కుప్ప మీద దాన్ని వేసింది.

నన్ను చూసి, "మీ నాయన ఉన్నప్పటినుంచీ ఈడనే వేస్తాను కన్నూ," అంది. "తడం మాకు నడిచేదానికే గదా, కాయ మీది. నువ్వు ఈ పక్కకి వచ్చిందే లేదు."

ఒక తాళంచెవి ఇద్దామని వెళ్ళినవాణ్ణి, రెండూ ఆమె చేతిలో పెట్టి వచ్చాను.