రెండో చిల్లు

క్రిస్మస్‌కి ఇల్లు దులిపినప్పుడల్లా అటక మీది రేకు పెట్టెలోంచి ఓ డీజిలు ట్యాంకు మూత బయటికొస్తుంది. అరచేతిలో పట్టేంత ఇనుప మూత, లోపలి వైపు లారీ ట్యూబు కత్తిరించి వేసిన నల్లటి రబ్బరు, నడుమ వంకరగా ఓ మేకు చిల్లు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ లీలగా డీజిలు వాసన వస్తుంది. ఆ వాసనకి చాలామందికి కడుపులో తిప్పుతుంది, నాకు మాత్రం ఆకలేస్తుంది. నా చిన్నతనమంతా డీజిలూ, చేపల నీచూ, బెల్లప్పాకం కలగలిసిన వాసనలోనే గడిచింది మరి.

మాది తాడేపల్లిగూడెం. నాన్న చాలా ఏళ్ళు ఇతరుల లారీలు తోలి తోలి, చివరికి ఓ పాత డీజిలు పికప్ కొన్నారు. ఉండి ఊరి పక్క నర్సరీ చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని ప్రాణాలతో కొల్లేటి చెరువులకు చేర్చడం ఆయన పెట్టుకున్న పని. అందుకోసం బండిని రెండు నెలలపాటు మా వాకిట్లో విప్పిపోసి, మేం తొక్కుడుబిళ్ళ గీసుకునే చోటంతా బోల్టులతో, రేకుముక్కలతో నింపేశారు. వెనక నీళ్ళ తొట్టి కట్టారు. ఇంజను నడుస్తున్నంతసేపూ బెల్టుతో తిరిగి తొట్టిలోకి గాలి ఊదే పంపు పెట్టారు. వానాకాలంలో కొల్లేటి రోడ్లు మునుగుతాయని కింద ఉండాల్సిన డీజిలు ట్యాంకుని పైకి తెచ్చి తొట్టి పక్కనే బిగించారు. తొట్టి నీళ్ళు తొణికి డీజిల్లో పడకుండా మూత కింద రబ్బరు వేసి, మూతకున్న సన్నటి బెజ్జాన్ని కూడా లప్పంతో పూడ్చేశారు. "ఇప్పుడు చుక్క దిగమను చూద్దాం!" అంటూ మూత మీద వేలితో టకటకలాడించారు. వీధి చివరి మెకానిక్కులు నవ్వారు. నాన్న వాళ్ళ వైపు కూడా చూడలేదు. మొండితనంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

మొదటి లోడు డిసెంబరులో దొరికింది. పిల్లల్ని క్షేమంగా దింపితే ఏడాది పొడుగునా తన చెరువులకే బండి తిప్పుకోవచ్చని కొల్లేటి చెరువుల ఆసామి రాజుగారు మాటిచ్చారు. పిల్లలు చస్తే నాన్న మళ్ళీ ఎవరో ఒకరి లారీ తలుపు తట్టాల్సిందే. ఆ చెరువుల పక్క ఊళ్ళోనే మా పెద్దమ్మ ఉండేది. క్రిస్మస్ పిండివంటలు ఏటా ఆవిడ ఇంట్లోనే చేసేవాళ్ళం కాబట్టి అమ్మా నేనూ కూడా అదే బండెక్కాం. అమ్మ పేరు సువార్త. గుడిలో పాట ఎత్తుకుంటే ఆఖరి బెంచీ దాకా వినబడే గొంతు ఆవిడది. కాళ్ళ మధ్య నూనె డబ్బా పెట్టుకుని కూర్చుంది.

ఆ డబ్బా విప్పడం అమ్మకో తంతు. మూలన మేకు పెట్టి పచ్చడిబండతో ఒక్కటేసేది. అప్పుడు వంచితే నూనె గుడుక్ గుడుక్‌మని ఆగి ఆగి మీద చిందేది. ఎదురు మూలన రెండో చిల్లు పెట్టగానే సన్నటి ధారగా మూకుట్లోకి దిగేది. పిల్లలం ఆ ధార చుట్టూ మూగి, తొలి అరిసె ఎవరిదని కొట్టుకునేవాళ్ళం. పెద్దమ్మ అట్లకాడ చూపించి బెదిరించేది, ఆ అట్లకాడతోనే అరిసె తీసి చేతిలో పెట్టేది.

గణపవరం దాటాక బండి ఆయాసపడి, రెండు మూడుసార్లు ఎగిరి, ఆగిపోయింది. నాన్న తొట్టి మీదికెక్కి మూత తీసి, పుల్ల ముంచి డీజిలు చూశారు. నిండుగానే ఉంది. "పైపులో గాలి పట్టింది" అంటూ కిందికి దిగి, ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టారు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. నిడమర్రు దాటాక మళ్ళీ అదే తంతు, మళ్ళీ మూత, మళ్ళీ పుల్ల, మళ్ళీ చేతిపంపు. బండి కదిలింది, కానీ నాన్న మొహంలో నవ్వు లేదు.

మూడోసారి కొల్లేటి గట్టు మీద ఆగింది. రెండు వైపులా నీళ్ళు, కిక్కిస గడ్డి దుబ్బులు, దూరంగా గూడబాతుల బారు, మనిషన్నవాడు లేడు. డీజిలు ఉందని తెలుసు కనక నాన్న ఈసారి మూత జోలికి పోకుండా నేరుగా పంపు పట్టుకున్నారు. కొట్టారు, కొట్టారు. స్క్రూ దగ్గర చుక్క రాలేదు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ గొంతు తగ్గిపోతోంది.

ఇంజను లేకపోతే గాలి పంపు లేదు. తొట్టిలోకి తొంగిచూశాను. వేలెడేసి పిల్లలన్నీ పైకి తేలి, గుండ్రటి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"రూతూ, ఏడుపు తర్వాత. బకెట్టందుకో" అంది అమ్మ.

చీర కుచ్చిళ్ళు దోపుకుని తొట్టి అంచు మీద నిలబడి, ఆ నీళ్ళే ముంచి ఎత్తుగా పట్టి మళ్ళీ తొట్టిలోనే ధారగా పోయడం మొదలుపెట్టింది. నీళ్ళు చిలికితే గాలి కలుస్తుందట. ఆవిడ ఓ పక్క, నేనో పక్క. భుజాలు పీకేస్తున్నాయి, వేళ్ళ మీద తోలు లేస్తోంది. నేను ఆగినప్పుడల్లా అమ్మ ఆగకుండానే నావైపు చూసేది. ఆ చూపుకి మళ్ళీ ముంచేదాన్ని.

అలా పోస్తుంటే బకెట్టు అంచు డీజిలు ట్యాంకు మూతకి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది.

"నాన్నా, ఇందాక రెండుసార్లూ మూత తీశారు కదా. తీసినప్పుడు బుస్సుమంది."

అమ్మ చేతిలో బకెట్టు ఆగింది, ఆ గంటలో మొదటిసారి. మూత వంక చూసింది, క్యాబిన్‌లో నూనె డబ్బా వంక చూసింది.

"ఏవండీ, ఆ మూతోసారి తియ్యండి."

"నిండా డీజిలుంటే మూత తీసేం చూస్తానే? గాలి పట్టిందని చెబుతుంటేనూ!"

"గాలి పట్టలేదండీ, గాలాడక చస్తోంది. డబ్బాకి ఒక్క చిల్లు పెడితే నూనె దిగుతుందాండీ? మీరేమో మూతకున్న చిల్లు కూడా పూడ్చేశారు."

"ఇంజన్ల సంగతి నీకేం తెలుసే!" అని నాన్న కసురుకున్నారు. అమ్మ వంగి, రెండు చేతులా పట్టి మూత తిప్పేసింది. బుస్సుమని ట్యాంకు ఊపిరి పీల్చుకున్న చప్పుడు కిందున్న నాన్నకి కూడా వినబడింది.

ఆయన చేతిపంపు నాలుగుసార్లు కొట్టారో లేదో, స్క్రూ దగ్గర నురగ, ఆ వెనకే డీజిలు చిమ్మి ఆయన చొక్కా తడిపేసింది. బ్యాటరీలో మిగిలిన ఆ కాస్తతో సెల్ఫ్ మూలిగింది, ఇంకోసారి మూలిగింది, ఇంజను అందుకుంది. తొట్టి అడుగునుంచి బుడగలు లేచాయి. నేను కేకపెట్టి ఏడ్చేశాను, ఈసారి బకెట్టు అమ్మే అందుకుంది. ఇంజను ఆపకుండానే నాన్న మూతని రాయి మీద పెట్టి, మేకుతో చిల్లు కొట్టి బిగించారు. నీళ్ళు పడకుండా దాని మీద ఓ కొబ్బరిచిప్ప బోర్లించి కట్టారు.

చెరువు దగ్గర నాన్న చచ్చిన పిల్లల్ని దాచలేదు. గమేళాలోకి ఏరి రాజుగారి ముందు పెట్టారు. ఆయన గమేళా కేసి చూసి, తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిల్లలు చురుగ్గా తప్పుకుంటుంటే తలూపారు.

"దారిలో ఆగిందా ఏంటండి?"

"ఆగిందండి. మా ఆవిడ బాగుచేసిందండి" అన్నారు నాన్న. రాజుగారు నవ్వులాట అనుకుని నవ్వేశారు. నాన్న నవ్వలేదు. "ఎల్లుండి ఇంకో లోడు తెండి" అన్నారు రాజుగారు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో పాకం పొయ్యి మీద ఉండగా, వంటింటి గడప ఎన్నడూ తొక్కని నాన్న లోపలికొచ్చారు. చొక్కా ఇంకా డీజిలు కంపు కొడుతూనే ఉంది. నూనె డబ్బా ముందేసుకుని, మూలన ఓ చిల్లు, ఎదురు మూలన ఓ చిల్లు కొట్టి, పమిటతో చెమట తుడుచుకుంటున్న అమ్మ పక్కన పెట్టి, వెళ్ళిపోయారు. నాన్న నోటివెంట తప్పయిందన్న మాట మేమెన్నడూ వినలేదు. కానీ ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి డిసెంబరులో ఆ డబ్బా ఆయనే విప్పారు.

ఆ పికప్ పాత ఇనుప సామాను కొట్టుకి వెళ్ళినప్పుడు ఈ మూత నేనే అడిగి తీసుకున్నాను. ఇప్పుడు చేపపిల్లలు ఆక్సిజన్ సిలిండర్లున్న వ్యాన్లలో పోతున్నాయి. బకెట్టు పట్టుకుని తొట్టి ఎక్కాల్సిన అవసరం ఎవరికీ లేదు, చాలా మంచిదే. పెద్దమ్మ లేదు, నాన్న లేరు. అమ్మకి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేక, కుర్చీలో కూర్చుని పాకం ముదిరిందో లేదో వాసనతోనే చెబుతుంది. నిన్న అరిసెలకని నూనె పాకెట్టు మూల కత్తిరించి మూకుట్లోకి వంచాను. ఒక్క చిల్లుకే మొత్తం సాఫీగా దిగిపోయింది. అమ్మ ఆ ధార వైపు చూసి, తర్వాత వంటింటి గట్టు మీద నేను పెట్టిన మూత వైపు చూసి, "మీ నాన్నకి పని లేకుండా పోయిందే" అంది.