ఉపన్యాసం మధ్యలో తాళంచెవి

మీరు లేకపోతే మీ వ్యాపారం ఒక్క పూటైనా నడుస్తుందా? నడవదని గర్వంగా చెప్పేవారే ఇది చదవాలి.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేనక్కడ భోజన హోటలు నడిపేవాణ్ణి. పది విస్తళ్లు వేసే చోట, ఆఫీసుల గుడారాలు వెలిసిన మూణ్ణెల్లకే నూరు విస్తళ్లు పడసాగాయి. పనివాళ్లను పెంచాను గానీ, బియ్యపు గది తాళంచెవిని మాత్రం నా మొలతాడు దాటనివ్వలేదు. ఇంకెవరు బియ్యం కొలిచినా లెక్క తప్పుతుందని నా గట్టి నమ్మకం.

ఒక ఆదివారం గ్రంథాలయంలో మూఢనమ్మకాల మీద ఉపన్యసిస్తూ వేళ మరిచాను. "పరీక్షించకుండా దేన్నీ నమ్మకండి!" అని బల్ల గుద్దుతుండగా, మా వంటామె సుంకమ్మ గరిటెతో సభలోకి దూసుకొచ్చింది.

"ఏమప్పా, ఎసరు మరిగి మరిగి సగమైపాయ. జనం ఎదురుగా ఉండే హోటలుకు పోతాండారు. తాళంచెవి యాడ?"

సభ గొల్లుమంది. "పద, నేనొచ్చి కొలుస్తా" అన్నాను.

"నువ్వు కొలిస్తేనే అన్నం ఉడుకుతాదా? ఇదేం నమ్మకమప్పా? ఎప్పుడన్నా పరీక్ష చేసి చూసినావా?"

అంతమంది ముందు పంచె సడలించి, మొలతాడు ముడి విప్పి తాళంచెవి ఇచ్చాను.

ఉపన్యాసం ముగించి నేను హోటలు చేరేసరికి, ఎదురు హోటలుకు పోకుండా మిగిలినవాళ్లంతా కడుపునిండా తిని లేస్తున్నారు. అన్నం ఎవరికీ ఒక్క ముద్ద తగ్గలేదు. నేనేమయ్యానని అడిగినవాడు ఒక్కడూ లేడు!

మీరు వదలలేని పని ఒకటి ఇవాళే ఇంకొకరికి అప్పజెప్పండి. అప్పజెప్పి, అక్కడ నిలబడకుండా వెళ్లిపోండి.